అభయారణ్యంలో రాత్రి బస: అభయమెవరికి?

'అభయారణ్యం' అన్న మాటను మనము చాలా తేలికగా వాడుకుంటున్నాము. విడదీసి చూచినచో ఆ మాటలో ఒక వాగ్దానమున్నది. భయము లేని అరణ్యమని దాని అర్థము. భయము లేనిదెవరికి? మనుష్యుని చూచి ఏ ప్రాణి భయపడుతున్నదో ఆ ప్రాణికి. ఈ హద్దుల లోపల నిన్ను వేటాడము, నీ దారికి అడ్డు రాము, నీ నీటిని కలుషితము చేయము అని ఏనుగుకు, పులికి, కణుజుకు మనుష్యజాతి ఇచ్చిన మాట అది. ఇటీవలి కాలంలో కొండల నడుమ, సరస్సుల ఒడ్డున గుడారాలు వేసుకొని రాత్రి గడపటం యువజనులకు గొప్ప వేడుకగా పరిణమించింది. విజ్ఞాన యాత్రల కాలం రాగానే మన కళాశాల విద్యార్థులు కూడా అటువంటి చోటికే పోదామని పట్టుబట్టుతున్నారు. వారి ఉత్సాహాన్ని నేను కాదనను. అయితే మనము అడుగు పెట్టిన రాత్రి ఆ వాగ్దానము నిలిచినదా, భంగమైనదా అన్న ప్రశ్నను యాత్రకు ముందే వేసుకొనవలెనని నా అభిప్రాయము.

ఈ విషయమున లోకంలో రెండు వాదాలు వినవస్తున్నవి. అరణ్యాన్ని అరణ్యానికే వదలివేయవలెను, యాత్రికుడు అందులో కాలు మోపరాదు అన్నది మొదటి వాదము. యాత్రికుడు వచ్చిననే ధనము వచ్చును, ధనము వచ్చిననే రక్షణ సాధ్యమగును, కనుక తలుపులు బార్లా తెరవవలెనన్నది రెండవ వాదము. 2012 జూలైలో పులుల అభయారణ్యాల కేంద్ర భాగాలలో పర్యాటకాన్ని సుప్రీం కోర్టు తాత్కాలికంగా నిలిపివేసినపుడు ఈ రెండు వాదాలు దేశమంతటా ఢీకొన్నవి. అదే సంవత్సరం అక్టోబరులో కొత్త నిబంధనలు వెలువడి, కేంద్ర భాగంలో 20 శాతానికి మించకుండ సందర్శకులను అనుమతించవచ్చునని తేలినది. వ్యాజ్యము ముగిసినది గాని వాదము ముగియలేదు. ఎందుకనగా, ఎంత భాగము తెరవవలెనన్నది ఒక ప్రశ్న మాత్రమే. ఆ తెరిచిన భాగంలోనికి మనలను చేయి పట్టుకొని తీసుకొనిపోయేదెవరన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. దానికి సమాధానము వెదకుటకు కేరళ రాష్ట్రంలోని పెరియార్ అభయారణ్యాన్ని మించిన ఉదాహరణ మన దేశంలో అరుదు.

పెరియార్ పడమటి కనుమలలోని కొండ అడవి. అక్కడి శిఖరాలలో కొన్ని రెండు వేల మీటర్ల ఎత్తును అందుకుంటున్నవి. ఆ కొండల నడుమ పాయలు పాయలుగా విస్తరించిన సరస్సు వైశాల్యము సుమారు 26 చదరపు కిలోమీటర్లు. చూచినవారికి అది ఆదికాలము నుండి అక్కడే ఉన్నట్లు తోచును. కాని అది మానవ నిర్మితము. 1886లో తిరువాన్కూరు సంస్థానము 8,000 ఎకరాల భూమిని 999 సంవత్సరాలకు బ్రిటిష్ ప్రభుత్వానికి కౌలుకిచ్చింది. పెన్నీక్విక్ అను ఇంజనీరు పెరియార్ నదికి అడ్డుగా కట్టించిన ముల్లపెరియార్ ఆనకట్ట 1895లో పూర్తి అయినది. పడమటి సముద్రానికి పోవలసిన నీటిని కొండలోని సొరంగము గుండా తూర్పునకు మళ్లించి, వైగై నది ద్వారా మదురై ప్రాంతపు బీడు భూములకు అందించుటయే దాని ఉద్దేశము. ఆనాడు మునిగిపోయిన చెట్ల మోడులు శతాబ్ది గడిచిన తరువాత కూడ నీటి మధ్యన నల్లగా నిలిచి ఉన్నవి. వాటిపై నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకొంటున్నవి. మనుష్యుడు తన అవసరానికి చేసిన మార్పును కూడ, కొంత కాలము కదిలించక వదలివేసినచో, ప్రకృతి తనదిగా చేసుకొనగలదనుటకు ఈ సరస్సే తార్కాణము.

సరస్సు చుట్టునున్న అడవి 1899లో రిజర్వు అయినది. 1934లో కొంత భాగము నెల్లిక్కంపట్టి పేరున వన్యమృగ సంరక్షణ స్థలమైనది. 1950లో అది పెరియార్ అభయారణ్యంగా విస్తరించినది. 1978లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. చట్టముల చరిత్ర ఇంతవరకు చక్కగా కనిపించును. అయితే ఆ అడవిలో మనుష్యులు కూడ ఉన్నారన్న సంగతి ఈ తేదీలలో కనబడదు. మన్నాన్, పళియన్, ఊరాళి మొదలగు గిరిజనులు తరతరాలుగా ఆ కొండలలో జీవించినవారు. వారిలో పలువురి నివాసాలు కాలక్రమాన అడవి అంచునకు తరలినవి. తేనెకు, దుంపలకు, చేపలకు వెళ్ళుట తప్పు కాని కాలము పోయి, అడుగు అడుగునకు అనుమతి కావలసిన కాలము వచ్చినది. మరొక వైపు అడవిని ఆనుకొన్న గ్రామాల పేదలు కొందరు దొంగతనంగా లోపలికి చొరబడి, మలయాళంలో 'వయన' అని పిలువబడే అడవి దాల్చిన చెట్ల బెరడును ఒలిచి అమ్ముకొనుట, గంధపు చెట్లను నరుకుట, మృగాలను వేటాడుట వృత్తిగా చేసుకొన్నారు. కావలివారున్నారు, చట్టమున్నది, జైలున్నది. అయినను బెరడు ఒలుచుట ఆగలేదు. ఆకలి గల వానికి అడవి దారులన్నియు తెలిసి ఉండగా, జీతము పుచ్చుకొను కావలివానికి కొన్ని దారులే తెలిసి ఉండుట అందుకు కారణము.

1996 ప్రాంతమున ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రారంభమైన పర్యావరణాభివృద్ధి పథకము పెరియార్‌లో ఒక కొత్త ఆలోచనకు దారి తీసినది. బెరడు దొంగలను పట్టి శిక్షించుటతో సరిపెట్టుకొనక, వారికే అడవిని అప్పగించినచో ఏమగును? ఇరవై మందికి పైగా పాత బెరడు దొంగలు తమ వృత్తిని విడిచిపెట్టి, అటవీ శాఖ అండతో ఒక సంఘముగా ఏర్పడినారు. యాత్రికులను అడవి లోపలికి నడిపించి, గుడారాలలో రాత్రి బస చేయించి, తిరిగి భద్రంగా తీసుకొనివచ్చుట వారి కొత్త వృత్తి అయినది. ఈ యాత్రకు 'టైగర్ ట్రెయిల్' అని పేరు. దాని నియమాలను శ్రద్ధగా గమనించవలెను. ఒక జట్టులో యాత్రికులు ఐదుగురికి మించరాదు. వారి వెంట దారి చూపువారు ఐదుగురు, తుపాకీ ధరించిన అటవీ రక్షకుడు ఒకడు ఉండవలెను. అనగా అడవిలో అతిథుల కంటె ఆతిథ్యమిచ్చువారే ఎక్కువ. బస్సుకు యాభై మందిని ఎక్కించి, ఇద్దరు అధ్యాపకులను తోడు పంపు మన యాత్రలతో దీనిని పోల్చి చూడుడు.

కొన్ని సంవత్సరాల క్రితము ఆ శిబిరాలలో ఒక రాత్రి గడుపు అవకాశము నాకు లభించినది. జలగలు పట్టకుండ మోకాలి వరకు గుడ్డ మేజోళ్ళు కట్టుకొని, ఒకరి వెనుక ఒకరుగా, మాట లేకుండ నడిచినాము. ముందు నడుచుచున్న నడివయస్కుడు ఒక చోట ఆగి, నేల మీద పడిన లద్దెను వ్రేలితో తాకి, ఏనుగులు ఎంతసేపటి క్రితము ఏ వైపు పోయినవో చెప్పి మా దారిని మార్చినాడు. మరొక చోట, బెరడు ఒలిచిన పాత మచ్చ గల చెట్టును చూపి, "ఇది మేము చేసినదే సార్, అప్పట్లో" అన్నాడు. తమిళము తెలిసిన నా మిత్రుడు ఆ మాటలను నాకు తెనిగించినాడు. ఆ చెప్పుటలో సిగ్గు లేదు, గర్వము లేదు; లెక్క అప్పగించు వాని నిదానము మాత్రమే ఉన్నది. రాత్రి సరస్సు వైపు నుండి కణుజు హెచ్చరిక కూత వినిపించినపుడు మేమందరము లేచి కూర్చున్నాము. అతడు మాత్రము ఒక క్షణము ఆలకించి, మృగము దూరముగా పోవుచున్నదని సైగ చేసి, తిరిగి పడుకొన్నాడు. ఒకనాడు రక్షకభటుల అడుగుల సవ్వడి కొరకు చెవి ఒగ్గిన వాడే ఈనాడు మా ప్రాణాలకు కాపలా కాయుచున్నాడు. విద్య రెంటికిని ఒక్కటే.

ఇందులోని అసలు మర్మము అర్థశాస్త్రము చదివిన విద్యార్థులకు వెంటనే బోధపడును. చెట్టు చచ్చిననే బెరడు దొంగకు అన్నము దొరికినది. చెట్టు బ్రతికి ఉన్ననే దారి చూపు వానికి అన్నము దొరకును. అడవి యొక్క క్షేమమునకు, పేదవాని పొయ్యికి మధ్యనున్న వైరము ఆ విధముగా స్నేహమైనది. అంతేకాదు, యాత్రికుల జట్టు లోపలి దారులలో తిరుగుటయే ఒక పహరా. కన్నులున్న చోట దొంగ గొడ్డలి ఎత్తడు. ఇతర దొంగల జాడలు తెలిసిన ఈ పాత చేతులు అటవీ శాఖకు ఎంత సహాయపడి ఉందురో ఊహింపవచ్చును. ఆ ప్రాంతపు స్త్రీలు కొందరు 'వసంత సేన' అను పేర సంఘముగా ఏర్పడి, ప్రతిఫలము కోరక, వంతుల వారీగా అడవి కాపలా కాయుట కూడ ఈ మార్పు నుండి పుట్టినదే. రాత్రి బసకు ఇంతకంటె మంచి సమర్థన నాకు కనబడదు. మనము అక్కడ ఉండుట వలన అడవికి ఒక కాపలాదారు పెరిగినచో మన బస ధర్మమే. మనము అక్కడ ఉండుట వలన ఒక మృగము నీటి రేవుకు రాలేక వెనుదిరిగినచో ఆ బసను ఏ రుసుముతోను సమర్థించలేము.

సంఖ్య మితి మీరినపుడు ఏమగునో ఆ సరస్సే చూపినది. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో యాత్రికుల పడవ ఒకటి మునిగి 45 మంది ప్రాణాలు కోల్పోయిన దుర్ఘటన మనమెవ్వరము మరువరానిది. పడవలో పరిమితికి మించి జనమున్నారని, మృగాలను చూచుటకు ఒకే వైపునకు ఒరిగినారని ఆనాడు పత్రికలు వ్రాసినవి. నిర్మాణ లోపాలు, పర్యవేక్షణ లోపాలు కూడ చర్చకు వచ్చినవి. వాటి తీర్పు చెప్పుట నా పని కాదు. కాని అడవిని సినిమా వలె 'చూచి' వచ్చుటకు పోవు గుంపు తనకు కూడ అభయము చేకూర్చుకొనలేదన్నది అందులోని విషాద సత్యము. ఒకే సరస్సు ఒడ్డున ఐదుగురి జట్టు నడక, అదే నీటి మీద వందలాది మంది విహారము, రెండును జరుగుచున్నవి. ఏది అభయారణ్యమన్న పేరుకు తగినదో వేరుగా చెప్పనక్కరలేదు.

అడవి లోపల నియమాలున్నవి సరే, వెలుపల మాటేమి? అభయారణ్యపు హద్దు మన పటములలో గీసిన గీత. ఏనుగు ఆ గీతను చదువలేదు. పెరియార్ అంచున కుమిళి పట్టణము, దాని చుట్టు ఏలకుల తోటలు, వసతి గృహాలు వ్యాపించినవి. మన దేశంలో ఏ అభయారణ్యము వద్దనైనను ఇదే దృశ్యము. 'అడవి అంచున బస' అని ప్రకటించి, రాత్రి నెగళ్ళు వేసి, దీపాలు వెలిగించి, పాటల పెట్టెలు మ్రోగించు స్థలాలు చట్టము దృష్టిలో అడవికి వెలుపలివే. మృగము చెవికి మాత్రము అవి అడవి లోపలివే. లోపల ఐదుగురికి మించరాదని నియమము పెట్టి, గీతకు అవతల ఐదు వందల మంది కేకలకు అనుమతినిచ్చుట ఇంటి ముందు తలుపు మూసి పెరటి తలుపు తెరచి ఉంచుట వంటిది.

ఈ విషయమున తెలుగువారమైన మనకు ప్రత్యేక బాధ్యత ఉన్నది. శబరిమల క్షేత్రము పెరియార్ అరణ్యపు పడమటి భాగంలోనే ఉన్నది. ప్రతి సంవత్సరము మండల దీక్షా కాలమున మన రెండు తెలుగు రాష్ట్రాల నుండి అసంఖ్యాకులైన భక్తులు ఆ అడవి దారులలో నడుచుచున్నారు, పంబ తీరాన బస చేయుచున్నారు. మతభేదము లేక సాటి యాత్రికుని గౌరవించు సంప్రదాయము ఆ దారిలోనే ఉన్నది. ఎరుమేలిలోని వావరు మసీదును దర్శించి ముందుకు సాగుట భక్తుల ఆచారము. అటువంటి పుణ్య మార్గమున వదలి వచ్చిన ప్లాస్టిక్ సంచి మరునాడు ఏ మృగము కడుపులోనికి పోవునో తలచుకొనుట కూడ భక్తిలో భాగము కావలెను. పెరియార్ ఎక్కడో దూర దేశపు అడవి కాదు. దానిని కాపాడుటలో గాని, పాడు చేయుటలో గాని మన చేయి ఉన్నది.

ఇక మన ముంగిటనున్న నల్లమలను చూతము. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణ వైపు భాగము అమ్రాబాద్ పేరున వేరైనది. అక్కడి కొండ కొమ్మున ఫర్హాబాద్ అను చోటు కలదు. 'ఫర్హత్' అనగా ఆనందమని, 'ఆబాద్' అనగా నివాసమని ఉర్దూ విద్యార్థులు వెంటనే గ్రహింతురు. నిజాం పాలకుల కాలమున వేటకు వచ్చిన వారి ఆనందమును ఆ పేరు తలపించుచున్నది. కాని ఆ కొండలు అంతకు ఎన్నో తరాల ముందు నుండి చెంచులకు ఇల్లు. హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. పులి తిరుగు దారి, తేనెపట్టు దొరకు కొండ చరియ, వేసవిలో నీరు ఎండని కుంట, ఇవన్నియు చెంచు బాలునికి మన అక్షరమాల వలె కంఠస్థములు.

ఇప్పుడు చెంచు గూడెములను అడవి కేంద్రము నుండి వెలుపలికి తరలించవలెనన్న మాట, అదే అడవిలో యాత్రికులకు బస ఏర్పాట్లు పెంచవలెనన్న మాట ఒకే కాలమున వినిపించుచున్నవి. పుట్టి పెరిగినవాడు అక్కడ నిద్రించరాదట, డబ్బు చెల్లించినవాడు నిద్రించవచ్చునట! 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిలో నివసించువారి హక్కును గుర్తించినది. వారి సమ్మతి లేక కదల్చరాదన్నది. ఆ చట్టము యొక్క ఆత్మ నిలవవలెనన్నచో నల్లమలలో ప్రతి రాత్రి బసకు చెంచులే గృహస్థులు కావలెను. ఎంతమంది రావలెనో, ఏ ఋతువున రాకూడదో నిర్ణయించుటలో వారి మాట చెల్లవలెను. వచ్చిన రుసుములో వారి వాటా వారి చేతికే అందవలెను. ఇప్పటికే కొందరు చెంచులు అటవీ శాఖలో కాపలాదారులుగా పనిచేయుచున్నారు. ఆ పునాది మనకున్నది. అయితే ఒక జాగ్రత్త. అతిథులకు విల్లంబులు పట్టి చూపు ప్రదర్శన వస్తువుగా చెంచును దిగజార్చుట ఆతిథ్యము కాదు. దారి చూపు వృత్తి ఇష్టము లేని చెంచు తన తేనె, తన దుంప, తన పొలము చూచుకొను స్వేచ్ఛ కూడ నిలవవలెను.

ఒక ఆక్షేపణ రావచ్చును. సంఖ్య తగ్గించినచో రుసుము పెరుగును; రుసుము పెరిగినచో అడవి ధనవంతుల సొత్తగును; మన వంటి సామాన్య కుటుంబాల పిల్లలు ఏనాడు చూడగలరు? ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి సమాధానము గుంపులను పెంచుట కాదు, వంతులను పంచుట. కేరళ అటవీ శాఖ విద్యార్థులకై ప్రకృతి అధ్యయన శిబిరాలను నిర్వహించుచున్నది. మన రెండు రాష్ట్రాలలోను ప్రతి అభయారణ్యపు బసలో కొన్ని రాత్రులు ప్రభుత్వ, మైనారిటీ, గిరిజన కళాశాలల విద్యార్థులకు తక్కువ ధరకు కేటాయించవలెనని కోరుట మన ధర్మము. యాభై మంది ఒకసారి పోవుటకు బదులు ఐదుగురు చొప్పున పది జట్లు సంవత్సరము పొడవున పోవచ్చును. వారు వచ్చి మిగిలినవారికి చెప్పవచ్చును, ఈ సంచికలోనే వ్రాయవచ్చును.

విద్యార్థి మిత్రులారా, అవకాశము వచ్చి వెళ్ళిననాడు కొన్ని సంగతులు మరువకుడు. ఎరుపు, తెలుపు వంటి కొట్టవచ్చు రంగులు వద్దు. ఆకులలో కలిసిపోవు దుస్తులు ధరింపుడు. అత్తరు పూసుకొనకుడు, వాసనయే అడవిలో వార్త. తినుబండారాలను గుడారములో ఉంచకుడు. కోతికి, ఎలుగుకు, ఏనుగుకు మన తిండి రుచి మరగినచో రేపు ప్రాణము పోవునది దానికే. నిప్పు రాజేయకుడు, వేసవి అడవిలో ఒక రవ్వ చాలును. సరస్సులో సబ్బు వాడకుడు. తీసుకొనిపోయిన ప్రతి కాగితపు ముక్కను తిరిగి తెండు. చరవాణిలో ఫోటో కొరకు మృగము వైపు ఒక అడుగు కూడ ముందుకు వేయకుడు. దారి చూపు వాడు చదువు రాని వాడైనను ఆ ఒక్క రాత్రికి మీ ఆచార్యుడు అతడే. అతడు కూర్చొనుమన్నచో కూర్చొనుడు, వెనుకకు పొమ్మన్నచో పొండు.

ఉర్దూలో 'అమానత్' అన్న మాట కలదు. ఒకరు నమ్మకముతో మన వద్ద ఉంచిన సొత్తు. వాడుకొనుటకు కాదు, చెక్కుచెదరక తిరిగి అప్పగించుటకు. పెరియార్ సరస్సు గాని, నల్లమల కొండలు గాని మనకు అటువంటి అమానత్తే. వచ్చే సంవత్సరపు యాత్రను నిర్ణయించు సభలో ఖర్చెంత, దూరమెంత అని అడుగుటకు ముందు ఈ మూడు ప్రశ్నలు అడుగుదము. అక్కడ మన జట్టును నడిపించువాడు ఆ అడవి మనిషియేనా? మనము చెల్లించు రూపాయిలో అతని వాటా ఎంత? మనము పోయిన రాత్రి మృగములు తమ నీటికి తాము నిర్భయముగా రాగలవా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము లభించినచోటికి సంతోషముగా పోదము. లభించని చోటును పటములోనే చూచి ఊరకుందము.